కాస్త చూసుకోండి!

*పరీక్ష హాల్లో నడవాలి. కూర్చోకూడదు, చదువుకోకూడదు, ఫోను ముట్టకూడదు. పిల్లాడు తప్పు రాస్తున్నాడని తెలిసినా పెదవి విప్పకూడదు. ఇదీ ఉద్యోగమేనా అంటే... ఉద్యోగమే. ఇంగ్లండ్ బడుల్లో ఏటా మే, జూన్ నెలల్లో ఈ పార్ట్‌టైమ్ పనికి వెళ్తున్నవాళ్ళలో మన ఆడవాళ్ళూ ఉన్నారు. పదో తరగతి డ్యూటీలు చేసిన లెక్కల మాష్టారి కూతురు, అక్కడ ఇన్విజిలేటర్‌గా మారాక చెబుతున్న కబుర్లివి.*

ఆ అబ్బాయి ఏడెనిమిదులు యాభైనాలుగు అని వేశాడు.

నేను చూశాను. మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్‌ఈలో లెక్కల మొదటి పేపరు. క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. గంటన్నర సమయం, 80 మార్కులు. పెద్ద లెక్కని చక్కగా నడుపుకొచ్చి, చివర్లో అక్కడ కాలు జారాడు. చిన్నప్పుడు ఆరుబయట మంచం మీద కూర్చోబెట్టి మా నాన్న ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. ఆ రాగంలోనే ‘యాభైయారు’ నా నాలుక చివరిదాకా వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను.

అంతటితో అయిపోలేదు. అడుగు కూడా తడబడకూడదు. పిల్లలు చురుకైనవాళ్ళు. ఇన్విజిలేటర్ తన బల్ల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడితే ‘ఏదో తేడా ఉంది’ అని కాగితం వంక మళ్ళీ చూసుకుంటారు. అంటే నేను ఆగడం కూడా చెప్పడమే. అందుకని వచ్చిన నడకతోనే ముందుకు వెళ్ళిపోయాను. ఆ వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, వాడు తల వంచుకుని తర్వాతి లెక్కలో ఉన్నాడు. యాభైనాలుగు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటున్నా అదే గుర్తుకొచ్చింది. ఊరికే నడిచే పని అనుకుని చేరినదాన్ని, ఇందులో కష్టం ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

పనిలోకి ఎలా పడ్డానంటే...

మా ఆయన ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చాం. పిల్లాణ్ణి బడిలో దింపడం, వంట, మళ్ళీ బడి దగ్గరికి వెళ్ళడం. మధ్యలో మిగిలే ఆ నాలుగైదు గంటల్లో ఇమిడే పని దొరకాలి. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో బియ్యం ఎక్కడ చవక, గోంగూర ఎక్కడ దొరుకుతుంది అన్న ముచ్చట్ల మధ్య ఒకావిడ రాసింది: ‘ఫలానా బడిలో ఎగ్జామ్ ఇన్విజిలేటర్లు కావాలట. డిగ్రీ అక్కర్లేదు’ అని.

టీచర్లున్న బడికి బయటివాళ్ళెందుకు అని నాకూ అనుమానమొచ్చింది. దానికి కారణముంది. టీచర్ల పనిభారం తగ్గించాలని 2003లో ప్రభుత్వానికీ సంఘాలకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం బోర్డు పరీక్షల్లో కాపలా పని టీచర్ల రోజువారీ బాధ్యతల్లోంచి 2005లో తప్పించేశారు. అదీగాక ఏ సబ్జెక్టు పరీక్షయితే ఆ సబ్జెక్టు చెప్పే టీచరు ఆ హాల్లో ఇన్విజిలేటర్‌గా ఉండకూడదు. అలా ఈ పని బయటివాళ్ళకి వచ్చింది. రిటైరైన ఉద్యోగులు, పిల్లలు బడికి వెళ్ళాక ఖాళీ దొరికే తల్లులు ఎక్కువగా చేరుతుంటారు. మా బృందంలో ఒకాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంకొకావిడ నర్సు. నేను, నాతోపాటు ఒక తమిళమ్మాయి.

ఇంటర్వ్యూ చేసింది ఎగ్జామ్స్ ఆఫీసర్. బడిలో పరీక్షల వ్యవహారమంతా ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది: “మీకు విసుగు త్వరగా వస్తుందా?” పెళ్ళిళ్ళలో గంటలకొద్దీ ఫొటోల కోసం నిలబడ్డ ప్రాణం కదా, రాదని చెప్పాను.

పిల్లల మధ్య పని కాబట్టి పోలీసు రికార్డులు చూసే డీబీఎస్ తనిఖీ తప్పదు. తర్వాత శిక్షణ. ఇక్కడ పరీక్ష బోర్డులు ఒకటి కాదు. ఏక్యూఏ, ఓసీఆర్, పియర్సన్... ఇలా చాలా ఉన్నాయి. అన్నింటికీ కలిపి పరీక్ష ఎలా జరగాలో చెప్పే నిబంధనల పుస్తకాన్ని జేసీక్యూ అనే ఉమ్మడి మండలి ఏటా విడుదల చేస్తుంది. ఏటా మార్పులుంటాయి కాబట్టి ఏటా శిక్షణ.

తొమ్మిదింటికి ముందు

పరీక్ష తొమ్మిదింటికి. మేం ఎనిమిదిన్నరకల్లా ఉండాలి. ముందురోజు దాకా బాస్కెట్‌బాల్ ఆడిన హాలే పరీక్ష హాలు. నేల మీద ఆట గీతలు, వాటి మీద వరసగా బల్లలు. ఏ బల్లకైనా పక్క బల్లకి, మధ్య నుంచి మధ్యకి కొలిస్తే, కనీసం 1.25 మీటర్ల దూరం ఉండాలి. ముప్ఫై మందికి ఒక ఇన్విజిలేటర్. గోడ మీద అందరికీ కనపడే గడియారం, పక్కన బోర్డు మీద పరీక్ష మొదలయ్యే సమయం, ముగిసే సమయం రాయాలి.

ప్రశ్నపత్రాల సంచి విప్పే ముందు ఇద్దరు చూడాలి. తేదీ, సమయం, సబ్జెక్టు, పేపరు నంబరు అన్నీ ఒకరు చదివితే రెండోవారు సరిచూడాలి. లెక్కల్లో ఫౌండేషన్ అని, హయ్యర్ అని రెండు స్థాయిల పేపర్లుంటాయి. ఒకదానికి బదులు ఇంకొకటి విప్పారంటే కొంప మునిగినట్టే. మా నర్సమ్మ ఈ పని ఎలా చేస్తుందంటే, ఆపరేషన్ థియేటర్లో రోగి పేరు సరిచూసినట్టు చేస్తుంది.

తర్వాత పిల్లలు. నల్ల సిరా పెన్ను ఉందా? నీళ్ళ సీసా మీద లేబుల్ ఊడదీశారా? చేతికి గడియారం ఉంటే తీసేయాల్సిందే. అది స్మార్ట్ వాచీయా, తాతగారిచ్చిన ముళ్ళ గడియారమా అన్న తేడా లేదు. ఫోన్ల గురించి ఒకటికి రెండుసార్లు చెబుతాం. చివరిసారి చెప్పినప్పుడు ఎవడో ఒకడు ఎర్రబడ్డ మొహంతో లేచి జేబులోంచి తీసి ఇస్తాడు. ‘మొదలుపెట్టండి’ అనకముందే ఇస్తే బతికిపోయినట్టే.

అనేశాక జేబులో ఫోను బయటపడితే, స్విచాఫ్ చేసి ఉన్నా అది తప్పే. పరీక్షల్లో విద్యార్థులు చేసే తప్పుల్లో ఎక్కువ ఫోన్లకి సంబంధించినవేనని ఇంగ్లండ్ నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ లెక్కలు చెబుతున్నాయి. నాకూ ఒకసారి ఎదురైంది. కోటు లోపలి జేబులో ‘బుర్ర్’మని శబ్దం. ఆ పిల్లాడి కళ్ళలో నీళ్ళు. అయినా వాణ్ణి లేపి బయటికి పంపలేదు. ఫోను తీసుకుని, రాస్తున్న పరీక్ష రాయనిచ్చాం. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి ఇచ్చాను. శిక్ష ఏమిటో బోర్డు తేలుస్తుంది. కావాలని చేశాడా, మరిచిపోయాడా అన్నది తేల్చే పని నాది కాదు. ఆ కాగితంలో ‘పాపం’ అన్న మాటకి చోటు లేదు. రాస్తున్నంతసేపూ నా మనసులో మాత్రం అదే మాట.

గాజులు తీసిన రోజు

మొదటి రోజు నేను అర డజను మట్టిగాజులు వేసుకుని వెళ్ళాను. మూడో వరసలో అదనపు కాగితం ఇవ్వడానికి చెయ్యి చాపాను. ‘గలగల’. ఆ నిశ్శబ్దంలో గుడి గంటలా వినపడింది. పది తలలు లేచాయి. పోస్టాఫీసు పెద్దాయన దూరం నుంచి కళ్ళతోనే నవ్వాడు. మూలకి వెళ్ళి ఒక్కొక్క గాజూ తీసి చేతిరుమాల్లో చుట్టాను. ఆ తర్వాత ఆయన చెప్పిన పాఠాలు ఏ శిక్షణలోనూ చెప్పలేదు: చప్పుడు చెయ్యని బూట్లు వేసుకో. సెంటు కొట్టుకోకు. ఒకే పిల్లాడి వెనకాల నిలబడకు, వాడి వీపు బిగుసుకుపోతుంది. చెయ్యెత్తితే పరుగెత్తకు, అలాగని నాన్చకు.

‘ఇన్విజిలేటర్’ అన్న మాటకి మూలం లాటిన్‌లో ఉంది. మెలకువగా ఉండటమని అర్థం. మన భాషలో మెలకువ అంటే నిద్ర లేకపోవడమే కాదు, జాగ్రత్త కూడా. ఈ పనికి రెండూ కావాలి. చేతిలో పుస్తకం ఉండకూడదు, పేపర్లు దిద్దుకోకూడదు. అలా రెండు గంటలు నడవాలి. ఒక్కొక్కరు ఒక్కో చిట్కా కనిపెట్టుకుంటారు. నేను అడుగులు లెక్కపెడతాను. విసుగొస్తే పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం తలచుకుంటాను. అవి ఇప్పటికీ తడబడతాయి.

ఈ కాపలాకి చరిత్ర కూడా ఉంది. పిల్లలున్న ఊళ్ళకే పరీక్షను తీసుకెళ్ళే పద్ధతి ఈ దేశంలో పాతది. 1858లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం బడిపిల్లలకి మొదటిసారి పరీక్షలు పెట్టినప్పుడు, ప్రశ్నపత్రాలున్న పెట్టెకి తాళం వేసి, దాన్ని వెంటబెట్టుకుని పర్యవేక్షకులు రైళ్ళలో వెళ్ళారు. ఇప్పుడు ఆ పెట్టెలూ, రైళ్ళూ పోయాయి. జవాబుపత్రాలను హాజరుపట్టీ వరసలో సర్ది, సంచిలో పెట్టి సీలు వేసి ఇస్తే పార్సెల్‌ఫోర్స్ వాళ్ళ బండి వచ్చి తీసుకెళ్తుంది. వరస తప్పకుండా ఏరడమే మా చివరి పని. ఒక్క కాగితం లెక్క తేలకపోయినా ఎవరూ ఇంటికి కదలరు.

ఒకసారి పరీక్ష మధ్యలో అగ్నిప్రమాదపు అలారం మోగింది. పెన్నులు కింద పెట్టించి, కాగితాలు బల్లల మీదే వదిలించి, నూట యాభై మందిని మైదానంలోకి నడిపించాం. మాట్లాడితే పరీక్ష పాడైనట్టే. వానతుంపరలో చేతులు కట్టుకుని ఒక్కరూ నోరు విప్పకుండా నిలబడ్డ ఆ పిల్లల్ని చూస్తే ముచ్చటేసింది. నిజానికి ఏమీ కాలేదు. పోయిన నిమిషాలను గడియారంతో సరిచూసి, అన్నీ తిరిగిచ్చి రాయించాం.

చెయ్యి నాది, మాట తనది

హాలుకి దూరంగా చిన్నచిన్న గదులుంటాయి. అసలు పరీక్ష నాకు అక్కడ ఎదురైంది. చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లల్ని ముందే పరీక్షించి, ఆధారాలు చూసి ఏర్పాట్లు చేస్తారు. కొందరికి 25 శాతం అదనపు సమయం ఇస్తారు. కొందరికి మధ్యలో విరామం ఇస్తారు, ఆ సేపు గడియారం ఆగుతుంది. ధ్యాస చెదిరిపోయే పిల్లాడికి అప్పుడప్పుడు బల్ల మీద మెల్లగా తట్టే మనిషి ఉంటారు. కొందరికి ప్రశ్న చదివిపెట్టేవాళ్ళు, కొందరికి చెప్పింది రాసిపెట్టేవాళ్ళు.

చదివిపెట్టడంలోనూ గీత ఉంది. ఇంగ్లిష్ భాషా పేపర్లో చదివి అర్థం చేసుకునే భాగాన్ని మనిషి చదివి వినిపించకూడదు. అక్కడ పరీక్షిస్తున్నదే చదవడాన్ని కదా. ఒక అబ్బాయి పదం మీద వేలు పెట్టి నా వంక చూశాడు. తల అడ్డంగా ఊపాను. అంత చిన్న పనికి అంత బరువుంటుందని అనుకోలేదు.

ఇంకోసారి మణికట్టు విరిగిన అమ్మాయికి జీవశాస్త్రం పరీక్షలో నేను చెయ్యినయ్యాను. తను చెబుతుంది, నేను రాస్తాను. తను చెప్పిందే రాయాలి. నాకు తెలిసింది రాయకూడదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ రక్తంలోకి ఎలా వెళ్తుందని ప్రశ్న.

“ఆస్మాసిస్ వల్ల” అంది.

నా పెన్ను కాగితానికి ఆనింది. డిఫ్యూజన్ తల్లీ, డిఫ్యూజన్! నీళ్ళు వెళ్ళేదాన్ని కదా ఆస్మాసిస్ అనేది! లోపల గొంతు చించుకుంటున్నాను. పైకి కనుబొమ్మ కూడా కదలకూడదు. ఆస్మాసిస్ అని రాశాను. గుండ్రంగా, స్పష్టంగా, తన తప్పుని నా చేతివ్రాతతో.

నాలుగు ప్రశ్నలు దాటాక తను కళ్ళు మూసుకుంది. “వెనక్కి వెళ్ళొచ్చా? అక్కడ ఆస్మాసిస్ కొట్టేయండి. డిఫ్యూజన్.”

గీత గీసి కొట్టేశాను. అప్పుడు కూడా నా ముఖంలో ‘హమ్మయ్య’ కనపడకూడదు. కనపడితే, తర్వాతి ప్రశ్న నుంచి తను కాగితం వంక కాక నా ముఖం వంక చూస్తుంది. బయటికొచ్చాక బాత్రూములోకి వెళ్ళి అద్దం ముందు నవ్వాను.

నాన్న డ్యూటీ

మా నాన్న గుంటూరు జిల్లాలో ప్రభుత్వ హైస్కూలు లెక్కల మాష్టారు. ఏటా మార్చిలో డ్యూటీ ఆర్డరు వచ్చేది. తను చదువు చెప్పే పిల్లలుండే సెంటరు కాకుండా వేరే ఊరు. పొద్దున్నే టిఫిన్ క్యారేజీ సైకిలుకి తగిలించుకుని వెళ్ళేవాడు. అక్కడ చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్, పోలీసు స్టేషన్ నుంచి వచ్చే ప్రశ్నపత్రాల కట్టలు, గేటు దగ్గర పోలీసులు, మూసేసిన జిరాక్సు షాపులు, ఎప్పుడు దిగుతుందో తెలియని ఫ్లయింగ్ స్క్వాడ్. స్క్వాడ్ జీపు చప్పుడు వినపడితే కిటికీల్లోంచి స్లిప్పులు వానలా పడేవని చెప్పేవాడు. అన్నింటికన్నా చివరి అరగంటంటేనే భయం. అప్పుడు బిట్ పేపరు ఇచ్చేవారు. ఎ, బి, సి, డిలు వేళ్ళతో సైగల్లోనే గదంతా తిరిగేవట.

1997లో పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలు ఆపడానికి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. గదిలో ఒక్క స్లిప్పు దొరికినా పిల్లాడితోపాటు ఇన్విజిలేటరూ సంజాయిషీ చెప్పుకోవాలి. ఊళ్ళో మంచిగా ఉండాలంటే చూడకూడదు, ఉద్యోగం నిలబడాలంటే చూడాలి. ‘చూసీ చూడనట్టు’ అన్న మాట మనవాళ్ళు పరీక్ష హాల్లోనే పుట్టించారేమో అనేవాడు నాన్న.

నాకు ఎనిమిదేళ్ళప్పుడనుకుంటా, ఒక సాయంత్రం పొరుగూరి నుంచి ఒకాయన అరటిగెల మోసుకుని మా వసారాలోకి వచ్చాడు. “మాష్టారూ, మావాడు రేపు మీ రూములోనే పడ్డాడండీ. కాస్త చూసుకోండి” అన్నాడు. నాన్న గెల తీసుకోలేదు. “చూసుకోవడమేనండీ నా డ్యూటీ. మీవాణ్ణీ చూస్తాను, అందర్నీ చూస్తాను” అని మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఆయన ఆ గెలని మళ్ళీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. కాపీ కొట్టించమని అడగడానికొచ్చిన మనిషి అని నాకు చాలాకాలం ఆయనంటే చులకన.

ఇక్కడ పనిలో చేరిన రోజు రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. అన్నీ విని ఒకటే అడిగాడు: “అమ్మాయ్, ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఏం చేస్తారు?” ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆలస్యమైందని మూసిన గేటు ముందు ఏడ్చే పిల్లల ఫొటోలు ఏటా మన పేపర్లలో వచ్చేవి. తెలంగాణ ఇంటర్ పరీక్షల్లో ఆ నిమిషం నిబంధనని 2024లో సడలించి ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. ఇక్కడ ఆలస్యమైనవాణ్ణి కూర్చోబెట్టి, పూర్తి సమయం ఇవ్వాలా వద్దా అన్నది బడే చూసుకుంటుంది. గంటకు మించి ఆలస్యమైతే మాత్రం ఆ సంగతి బోర్డుకి రాయాలి. రాసిన పేపరు తీసుకోవాలో లేదో వాళ్ళు తేలుస్తారు. “మరి ఆ గంటలో పేపరు బయటికి పోదూ?” అన్నాడు నాన్న వెంటనే. మాష్టారు కదా! పోకుండా ఏర్పాటుంది. పొద్దుటి పరీక్ష రాసినవాళ్ళెవరినీ పదింటిదాకా పర్యవేక్షణలోంచి బయటికి వదలరు.

అలాగని ఇక్కడంతా సుద్దపూసలేమీ కాదు. చెవి వెనక జుట్టులో ఇయర్‌బడ్ దాచేవాళ్ళు, అరచేతిలో సూత్రాలు రాసుకొచ్చేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. మన దగ్గరా పద్ధతులు మారుతున్నాయి. తెలంగాణ ఎంసెట్ 2018లో కంప్యూటర్ల మీదికి మారింది. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపరు 2019లో ఆ దారే పట్టింది. హైదరాబాద్, విజయవాడల్లో ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాలకి రోజు లెక్కన ఇన్విజిలేషన్‌కి వెళ్ళే డిగ్రీ కుర్రాళ్ళున్నారు. వాళ్ళూ ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటున్నవాళ్ళే. ఒక ఆదివారం కాపలా కాసిన కుర్చీలోనే మరో ఆదివారం కూర్చుని పరీక్ష రాస్తారు.

చేరాలనుకుంటే...

• బడుల వెబ్‌సైట్లలో, స్థానిక కౌన్సిళ్ళ ఉద్యోగ ప్రకటనల్లో చూడాలి. అసలు సీజన్ మే, జూన్. నమూనా పరీక్షలు, ఇంగ్లిష్, లెక్కలు మళ్ళీ రాసే పరీక్షలు (రీసిట్‌లు) ఉండే చలికాలంలోనూ పిలుస్తారు.

• నెల జీతం కాదు, పిలిచినన్ని గంటలకే డబ్బు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళకి గంటకు కనీస వేతనాన్ని 12.21 పౌండ్లు చేశారు. చాలా బడుల్లో ఈ పనికి కనీస వేతనమే, లేదంటే కాస్త ఎక్కువ. 2025 లెక్కన మూడు గంటల డ్యూటీకి 36 పౌండ్ల పైచిలుకు. ఇంటద్దెకి ఆనదు, చేతిఖర్చుకి సరిపోతుంది.

• స్పష్టమైన ఇంగ్లిష్, సమయపాలన, ఎక్కువసేపు నిలబడే ఓపిక కావాలి. డీబీఎస్ తనిఖీ, ఏటా శిక్షణ తప్పనిసరి.

• స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. అక్కడ ఇన్విజిలేటర్లను నియమించేది పరీక్షల సంస్థే.

• పని చేసుకునే హక్కు వీసాలో ఉండాలి. పిల్లల్ని చూడటానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ‘కాలక్షేపానికే కదా’ అనుకుని చేరకూడదు. అది నేరమవుతుంది.

• మీ పిల్లలో, బంధువుల పిల్లలో అదే బడిలో పరీక్ష రాస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

మా వాడి పరీక్ష

ఆ చివరి నిబంధన నాకూ వర్తించిన రోజు వచ్చింది. మా వాడు పదకొండో సంవత్సరంలోకి వచ్చాడు. ఇక్కడ జీసీఎస్‌ఈ రాసేది అప్పుడే. వాడి పేరు ముందే రాసిచ్చాను. వాడున్న హాలు ఛాయలకి నన్ను వెయ్యలేదు. లెక్కల మొదటి పేపరు రోజు నాకు కారిడార్ చివర చిన్న గదిలో డ్యూటీ పడింది.

ఎనిమిది నలభై. పోస్టాఫీసు పెద్దాయన సీలు వేసిన సంచులు చంకలో పెట్టుకుని హాలు వైపు వెళ్తున్నాడు. నన్ను చూసి తలాడించాడు. అప్పుడు నా నోటి చివరికి ఇంగ్లిష్‌లో ఒక మాట వచ్చింది. దాన్ని తెలుగులోకి తిప్పి చూస్తే అచ్చం అదే మాట: మావాడు మీ హాల్లోనే పడ్డాడు, కాస్త చూసుకోండి.

నేను ఆయన్ని ఏం చేయమనబోయాను? జవాబు చెప్పమనా? కాదు. ఆగమని కూడా కాదు. లోపల నా పిల్లాడు ఒక్కడే ఉన్నాడు, నేను లేను, అంతే. పెన్ను రాయకపోతే, ముక్కులోంచి రక్తం కారితే, ఏదో ఒకటైతే. అరటిగెల మోసుకొచ్చిన ఆ పొరుగూరి మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన ఏం అడగడానికొచ్చాడో నేనెన్నడూ ఆలోచించలేదు. ఏమో, ఆయనా ఇంతే అడిగాడేమో. ఆ మాటకి నాన్న చెప్పిన జవాబు కూడా, నేను అనుకున్నంత కటువైంది కాదేమో.

నోరు మెదపలేదు. ఆయన వెళ్ళిపోయాడు. నా గదిలో అమ్మాయికి విరామం ఇచ్చినప్పుడల్లా గడియారం ఆపుతూ, మళ్ళీ నడుపుతూ గంటన్నర పేపరు పూర్తి చేయించాను.

సాయంత్రం మా వాడు బూట్లు విప్పుతూ చెప్పాడు. “అమ్మా, ఆ తాత లేడూ, మీ ఫ్రెండు... నా పక్కనుంచి ఓ పదిసార్లు వెళ్ళుంటాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.”

“మంచిది.”

“ఆగలేదంటే అన్నీ కరెక్టుగా రాసినట్టేనా?”

“అది ఆయనకే తెలియాలి నాన్నా. తెలిసినా చెప్పడు” అన్నాను.